పొర మీద పొర

పిల్లలూ! మీ ఇంట్లో పాత కొండపల్లి బొమ్మ ఏదైనా ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకోండి. అంబారీ ఏనుగు కానివ్వండి, తాటిచెట్టెక్కే మనిషి కానివ్వండి, ఏదైనా సరే. ఎక్కడో ఒకచోట రంగు పెచ్చులేచి ఉంటుంది. ఆ చోటును వెలుతురులో పెట్టి జాగ్రత్తగా చూడండి. పైన ఎరుపో, పచ్చో రంగు. దాని కింద తెల్లని సున్నపు పొర. ఆ తెలుపు కింద గోధుమరంగు ముద్ద ఎండి గట్టిపడినట్టు ఉంటుంది. అది చింతపిక్కల పొడీ, రంపపు పొట్టూ కలిపి చేసిన మక్కు. అన్నిటికన్న లోపల ఉన్నది తెల్లపొణికి కర్ర.

చూసేవాళ్ళకు కనిపించేది పై రంగు ఒక్కటే. కాని మక్కు లేకపోతే కర్ర అతుకులు బయటపడతాయి. సున్నం లేకపోతే కర్ర రంగును తాగేసి, ఎరుపు కాస్తా మట్టిరంగుకు తిరుగుతుంది. అంటే ఆ బొమ్మ అంత ఎర్రగా, అంత నున్నగా ఉండటానికి అడుగున కనిపించకుండా పనిచేసే పొరలే కారణం.

ఈ నెల మనం అలాంటి పని ఒకటి చేద్దాం. ఈసారి కర్రకు బదులు గుడ్డ, బొమ్మకు బదులు పటం. ఆ పటంలో చెట్టుండదు, పిట్టుండదు, మనిషీ ఉండడు. రంగులూ, గీతలూ, గరుకూ, నునుపూ, వాటి పొరలూ ఉంటాయి. ఇటువంటి వాటిని నైరూప్య చిత్రాలు అంటారు. రంగుతోబాటు కాగితం, ఇసుక, గోనె లాంటివి కూడా ఒకే గుడ్డ మీద చేరిస్తే దాన్ని మిశ్రమ మాధ్యమం అంటారు. పేర్లు చూసి బెదరకండి. పని మీ చేతికి లొంగేదే. చక్కగా గీతలు గీయడం రాదని క్లాసులో పేరుపడ్డ పిల్లలకు ఇది మరీ మంచి పని. ఎందుకో చెబుతాను గాని, ముందు ఇంట్లో పెద్దవాళ్ళకు ఒక సమాధానం కావాలి.

"ఇది దేని బొమ్మరా?" అని వాళ్ళు తప్పకుండా అడుగుతారు. సంక్రాంతి నెలలో మీ అమ్మగారు వాకిట్లో చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేస్తారు గదా! దాన్ని చూసి "ఇది దేని బొమ్మ?" అని ఏ ఒక్కరూ అడగరు. బాగున్నదంటారు, లేకపోతే ఫలానా చోట మెలిక తప్పిందంటారు. ముగ్గును ఎలా చూడాలో మనకు చిన్నతనం నుంచీ అలవాటు. ఈ పటాన్ని కూడా అలాగే చూడమని చెప్పండి. నేను చెప్పానని చెప్పినా సరే.

ఈ సంగతి ఒక గొప్ప చిత్రకారుడికి కూడా కాస్త చిత్రంగానే తెలిసివచ్చింది. రష్యా దేశస్థుడైన కాండిన్‌స్కీ జర్మనీలో మ్యూనిక్ నగరంలో ఉండేవాడు. ఒకనాడు మునిమాపు వేళ ఆయన ఇంటికి వచ్చేసరికి గదిలో ఒక పటం కనిపించింది. అందులో ఏ వస్తువూ పోల్చుకోవడానికి లేదు, ఒట్టి రంగులు మాత్రమే ఉన్నాయి. అయినా అది వెలిగిపోతున్నట్టున్నది. దగ్గరికి వెళ్ళి చూస్తే అది తను వేసిన పటమే! పక్కవాటుగా ఆనించి ఉన్నది. మర్నాడు పగటి వెలుతురులో చూస్తే అందులోని వస్తువులన్నీ మళ్ళీ కనిపించాయి గాని, ముందునాటి అందం మాత్రం కనిపించలేదు. ఈ ముచ్చట ఆయనే తన జ్ఞాపకాలలో రాశాడు. అవి 1913లో అచ్చయినాయి.

ఇదంతా ఎక్కడో దూరదేశాల వాళ్ళ విద్య అనుకోకండి. మన గుడివాడలో 1936లో పుట్టిన ఎస్. వి. రామారావుగారు మద్రాసు చిత్రకళాశాలలో చదివి, 1960లలో లండనులోని స్లేడ్ కళాశాలకు వెళ్ళి, ఆ తరవాత అమెరికాలో చికాగో నగరంలో స్థిరపడి, నైరూప్య చిత్రకారుడుగానే పేరు పొందారు. భారత ప్రభుత్వం 2001లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. గుడివాడ కాలవగట్లు చూసి పెరిగిన పిల్లవాడే ఆయన కూడా!

ఆ మాటకొస్తే పొరలతో పటం కట్టడం మన డెల్టాకు కొత్త కాదు. గుడివాడ నుంచి బందరు వెళ్ళే రైలుదారిలో పెడన అనే ఊరున్నది. అక్కడ కలంకారీ అద్దకం ఇప్పటికీ జరుగుతున్నది. చెక్కిన టేకు అచ్చులతో గుడ్డ మీద ఒక్కొక్క రంగే అద్దుతారు. మొట్టమొదట గుడ్డను ఉతికి, గంజి పోగొట్టి, కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలో వగరు ఉన్నది. పాలలో కొవ్వు ఉన్నది. అద్దిన రంగు పక్కలకు పాకకుండా ఆ కొవ్వు ఆపుతుంది. వగరు చేసే పని ఇంకా విచిత్రం. తుప్పు పట్టిన ఇనుమునూ, బెల్లాన్నీ నీళ్ళలో కొన్నాళ్ళు పులియబెట్టి ఆ నీళ్ళతో అద్దుతారు. ఆ నీళ్ళు చూడటానికి నల్లగా ఉండవు. కరక్కాయ వగరు పట్టిన గుడ్డకు తగలగానే నల్లబడతాయి! ఎరుపు కూడా అంతే. ముందు పటిక నీళ్ళతో అద్దుతారు, అప్పుడు ఎరుపు ఏమీ కనిపించదు. తరవాత గుడ్డను రంగు వేళ్ళతో కాచినప్పుడు, పటిక ఉన్నచోటల్లా ఎరుపు పట్టుకుంటుంది, లేనిచోట కడిగితే పోతుంది. పూర్వం మన తీరపు ఇసుక నేలల్లో దొరికే చిరివేరుతో ఈ ఎరుపు తెచ్చేవారు.

పూర్వకాలం అద్దకాలలో ఆకుపచ్చ కావాలంటే ముందు నీలిమందుతో నీలం వేసి, దాని మీద పసుపుపచ్చ పూసేవారు. మూడు వందల ఏళ్ళనాడు మన తీరం నుంచి ఓడలెక్కి సీమకు వెళ్ళిన గుడ్డలు ఈనాటికీ లండను మ్యూజియంలో ఉన్నాయి. అటువంటి పాత గుడ్డల్లో చాలాచోట్ల పువ్వులు ఎర్రగానే ఉన్నాయి గాని, ఆకులు మాత్రం నీలంగా కనిపిస్తాయి. నీలం ఆకులు ఏ చెట్టుకు ఉంటాయి? ఆ పనివాళ్ళు ఆకులు ఆకుపచ్చగానే వేశారు. వెలుతురుకు తట్టుకోలేక పైనున్న పసుపుపచ్చ పొర ఎగిరిపోయింది. అడుగునున్న నీలం మిగిలిపోయింది. ఏ పొర ఎంతకాలం ఉంటుందో తెలుసుకోవడం ఎంత అవసరమో ఆ ఆకులు చూస్తే తెలుస్తుంది. మీరు కూడా వంటింట్లోని పసుపుతో పటం వేద్దామని సరదాపడకండి. అది ఎండకు ఇట్టే వెలిసిపోతుంది.

ఇక పనిలోకి దిగుదాం.

గుడ్డ 12 అంగుళాల వెడల్పూ, 16 అంగుళాల పొడవూ ఉంటే చాలు. చట్రానికి బిగించిన కాన్వాసు బెజవాడ దుకాణాల్లో తయారుగా దొరుకుతుంది. కాని సొంతంగా బిగించుకుంటే ఎక్కువ తెలుస్తుంది. మందపాటి నూలుగుడ్డ తీసుకుని వేడినీళ్ళలో ఉతికి గంజి పోగొట్టండి. వడ్రంగి చేత నాలుగు బద్దలతో చట్రం చేయించండి. గుడ్డను చట్రం మీద పరిచి, ముందు ఒక వైపు నడిమధ్యన ఒక మేకు, ఎదుటి వైపు నడిమధ్యన ఒక మేకు, తరవాత మిగిలిన రెండు వైపులా నడిమధ్యన ఒక్కొక్కటి కొట్టాలి. అక్కడి నుంచి మూలలకేసి కొంచెం కొంచెంగా జరుగుతూ రావాలి. మూల నుంచి మొదలుపెడితే ముడతలు మధ్యలో చేరి ఇక కదలవు. వేలితో తడితే గుడ్డ చిన్న డప్పులా మోగాలి.

ఇప్పుడు కొండపల్లి వాళ్ళు సున్నం పూసినట్టు మనమూ తెల్లని పొర వెయ్యాలి. వడ్రంగులు వాడే తెల్లబంక ఒక పాలూ, నీళ్ళు ఒక పాలూ కలిపి గుడ్డంతా పలచగా పూయండి. గుడ్డ పోగుల మధ్య సందులు మూసుకుంటాయి. అది ఆరిన తరవాత అదే బంకనీళ్ళలో మెత్తని సుద్దపొడి కలిపి, మజ్జిగ కన్న చిక్కగా, పెరుగు కన్న పలచగా ఉండేట్టు చేసుకోండి. ఒకసారి నిలువుగా పూసి, ఆరాక మళ్ళీ అడ్డంగా పూయండి. మూడు పూతలు చాలు. ఆరిన తరవాత గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దాలి. రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. సుద్ద ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

"మూడుసార్లు ఎందుకు, ఒకేసారి మందంగా పూస్తే పోలేదా?" అని మీకు తోచవచ్చు. వేసవిలో ఎండిన చెరువు అడుగు చూశారా? బురద ఎండేటప్పుడు నీరు ఆవిరైపోతుంది. నీరు ఆక్రమించిన చోటు ఖాళీ అవుతుంది, మట్టి కుంచించుకుపోతుంది. పైభాగం ముందు ఎండి కుంచించుకుంటుంది, అడుగు ఇంకా తడిగా ఉండి దానితోబాటు కదలదు. అందువల్ల నెర్రెలు విచ్చుతుంది. మందంగా పూసిన సుద్దకూ అదే గతి. పలచని పూత అయితే పై నుంచి కింద దాకా ఒకేసారి ఆరిపోతుంది.

రంగుల్లో పిల్లలకు ఆక్రిలిక్ రంగులు మంచివి. ఇవి 1950ల నుంచి చిత్రకారుల వాడుకలోకి వచ్చాయి. ఈ రంగులో కంటికి కనిపించనంత చిన్న జిగురు ప్లాస్టిక్ బిందువులు నీళ్ళలో తేలుతూ ఉంటాయి. నీరు ఆవిరి కాగానే అవి ఒకదానికొకటి అతుక్కుని పలచని పొర అవుతాయి. ఆ పొర మళ్ళీ నీళ్ళు తగిలినా కరగదు. అందుచేత దాని మీద మరొక రంగు నిర్భయంగా వేసుకోవచ్చు. బడిలో వాడే నీటిరంగు బిళ్ళలైతే తడి తగలగానే కరిగి పై రంగుతో కలిసిపోతాయి. నూనెరంగుల కథ వేరు. అవిసె నూనె ఆరడమంటే ఆవిరి కావడం కాదు, గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని గట్టిపడటం. దానికి రోజులూ, వారాలూ పడుతుంది. ఆక్రిలిక్ మీద నూనెరంగు వేయవచ్చు గాని, నూనెరంగు మీద ఆక్రిలిక్ వేస్తే పట్టు లేక ఊడి వస్తుంది. మనకు నూనెరంగులతో పనిలేదు.

తెల్లటి గుడ్డ ముందు కూర్చుంటే పెద్ద చిత్రకారులకు కూడా చెయ్యి ఆడదు. దానికి ఉపాయం చెబుతాను. ఒక రంగును బాగా నీళ్ళు కలిపి గుడ్డంతా పూసేయండి, తెలుపు అన్నది లేకుండా. నేనైతే ఇటుకరంగు చెబుతాను. తరవాత పైన ఏం వేసినా సందుల్లోంచి ఈ వెచ్చని రంగు తొంగిచూస్తూ ఉంటుంది. ఇది మొదటి పొర. ఆరనివ్వండి.

రెండో పొరలో రంగు లేదు, గరుకు ఉన్నది. కృష్ణ ఇసుక గుప్పెడు జల్లించి, కడిగి, ఎండబెట్టి తెల్లబంకలో కలపండి. మంగినపూడి సముద్రపు ఇసుకైతే మంచినీళ్ళలో ఐదారుసార్లు కడగాలి. ఉప్పు మిగిలితే అది గాలిలోని తేమను లాగి, కొన్నాళ్ళకు పటం మీద తెల్లగా పూస్తుంది. డెల్టా ఊళ్ళలో పాత ఇళ్ళ గోడలు అడుగున ఉప్పుపూసి రాలడం చూసే ఉంటారు, అదీ ఇదీ ఒకటే. బంక కలిపిన ఇసుకను పాత కార్డు ముక్కతో, తాపీపనివాడు గోడకు పూసినట్టు, గుడ్డ మీద ఒకటి రెండు చోట్ల పూయండి. అంతటా పూస్తే గరుకుకు విలువ ఉండదు. నునుపు పక్కన ఉంటేనే గరుకు కనిపిస్తుంది. పూత ఇంకా తడిగా ఉండగానే పళ్ళు ఊడిన దువ్వెనతో గీతలు లాగండి. దుక్కిచాళ్ళలాగా, అలలలాగా, మీ ఇష్టం.

గోనెముక్క పోగులు లాగి వదులుచేసి అతికించవచ్చు. ఉల్లిపొర కాగితం నలిపి అతికిస్తే ముడతలు కాలవల్లా వస్తాయి. వార్తాపత్రిక ముక్కలు కూడా అతికించవచ్చు గాని, ఆ కాగితం వెలుతురుకు పసుపుబారుతుందని గుర్తుంచుకోండి. కొయ్యలో లిగ్నిన్ అనే పదార్థం ఉన్నది. చవక కాగితంలో అది మిగిలిపోతుంది, దాని వల్లనే ఆ రంగు. కాగితానికి కింద బంక, పైన కూడా బంక పూయాలి. అంచులు లేచి ఉంటే తరవాత వేసిన రంగు కిందికి దూరి, పెచ్చు లేపుతుంది. అన్నట్టు, పూర్వం ఇంట్లో కాచిన పిండిబంకకు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవారు. అది విషం, మీరు ముట్టుకోకండి. మన గాలిలో తేమ ఎక్కువ గనక పిండిబంక బూజు పడుతుంది. తెల్లబంకతో ఆ బెడద తక్కువ.

కాగితాలు అతికించి పటం చేయడమేమిటని నవ్వకండి. పికాసో 1912లో కుర్చీ అల్లికను అచ్చువేసిన నూనెగుడ్డ ముక్కను తన పటంలో అతికించి, పటం చుట్టూ చట్రానికి బదులు తాడు బిగించాడు. ఇంకొక ముచ్చట. బెజవాడ గాంధీనగరం గోడల మీద సినిమా కాగితాలు ఒకదాని మీద ఒకటి అంటించి అంటించి, అట్టలా మందమై, కొసకు చినిగి వేలాడటం మీ తాతగార్లకు బాగా తెలుసు. ఒక కథానాయకుడి కన్ను, ఇంకొక సినిమా పేరులో సగం అక్షరం, మూడో సినిమా ఎర్రరంగూ కలిసి కనిపించేవి. అటువంటి చినిగిన గోడకాగితాలనే పారిస్ నగరంలో విలెగ్లే, హేన్స్ అనే ఇద్దరు చిత్రకారులు 1949 నుంచి ఊడబెరుక్కు వెళ్ళి, పటాలుగా ప్రదర్శించారు. వాళ్ళు కుంచె పట్టుకోనేలేదు!

మూడో పొరతో అసలు ఇంద్రజాలం మొదలవుతుంది. పళ్ళెంలో పసుపుపచ్చ, నీలం కలిపితే ఆకుపచ్చ వస్తుందని మీకు తెలుసు. కలపకండి. ముందు పసుపుపచ్చ వేసి బాగా ఆరనివ్వండి. తరవాత నీలానికి నీళ్ళూ, కొంచెం తెల్లబంకా కలిపి, గాజులాగా పలచగా పైన పూయండి. ఆకుపచ్చే వస్తుంది, కాని పళ్ళెంలో కలిపిన ఆకుపచ్చ దీని ముందు వెలవెలబోతుంది. ఎందుకంటే వెలుతురు నీలం పొరలోంచి లోపలికి దూరి, పసుపుపచ్చనూ, దాని కిందనున్న తెలుపునూ తాకి, మళ్ళీ నీలంలోంచే బయటికి వస్తుంది. కృష్ణలో నీళ్ళు తేటగా ఉన్నప్పుడు లోతులేని చోట ఇసుక మెరిసినట్టు, అడుగు రంగు పై రంగులోంచి మెరుస్తుంది. కాని అడుగున ఇటుకరంగు ఉన్నచోట మీద ఇదే నీలం వేస్తే ఊదా కలిసిన నలుపు వస్తుంది. ఒకే కుంచెతో ఒకే నీలం అటు నుంచి ఇటు లాగి చూడండి, దారిలో మూడు రంగులు మారుతుంది. గుడ్డ మీద ఏం వస్తుందో ముందే తెలియని ఈ చోటే పనిలో అన్నిటికన్న రుచి అని నా అభిప్రాయం.

పొరలు వేయడం సగం పని. మిగతా సగం తీయడం. రంగు తడిగా ఉండగానే తడిగుడ్డతో తుడిస్తే పల్లాల్లో రంగు నిలిచి, మిట్టలు తేలుతాయి. ఇసుక గరుకంతా అప్పుడు బయటపడుతుంది. ఆరిన తరవాత గరుకు కాగితంతో రుద్దితే అడుగు పొరలు ఒక్కొక్కటే కనిపిస్తాయి. మన డెల్టాలో బావి తవ్వేటప్పుడు చూశారా? పైన నల్లమట్టి, కొంత దిగితే ఇసుక, మళ్ళీ బంకమట్టి, ఒక్కొక్కచోట నత్తగుల్లలు. ఒక్కొక్క పొరా కృష్ణమ్మ ఒక్కొక్క కాలంలో తెచ్చి పోసింది. గరుకు కాగితంతో రుద్దడమంటే మీ పటంలో చిన్న బావి తవ్వడమన్నమాట.

కిందటేడాది మా వీధి పిల్లలు ఆరేడుగురు మా అరుగు మీద ఈ పని చేశారు. వాళ్ళలో ఒక అమ్మాయి చేసిన పటం సంగతి చెప్పాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగిపోయింది గదా! ఆ రోజుల్లోనే కృష్ణలో వరద ప్రకాశం బారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఈ అమ్మాయి ఇల్లు అప్పుడు అక్కడే. నీళ్ళు తీసిన తరవాత ఇంట్లో పుస్తకాలన్నీ బురద ముద్దలు. ఆ పిల్ల తన లెక్కల నోటుపుస్తకం ఒకటి మాత్రం పారేయనివ్వకుండా ఎండబెట్టి దాచుకున్నది. పటానికి కాగితాలు తెమ్మంటే అదే తెచ్చింది. పేజీలు అట్టల్లా ఉన్నాయి. సిరా పాకి, అంకెలు నీలిమచ్చలై ఉన్నాయి.

వాళ్ళమ్మ అది చూసి, "అవెందుకమ్మా, చూసినప్పుడల్లా ఆ రోజులు గుర్తుకు రావడానికా?" అన్నది. నాతో కూడా, "మాష్టారూ, దానికి మీరైనా చెప్పండి," అన్నది. నేను చెప్పలేదు. పిల్ల పేజీలు చింపి నాలుగు వరసలుగా అతికించింది. వాటి మీద ఇసుక పూసింది. తరవాత పలచని మట్టిరంగు, దాని మీద నీలం. ఒక్క గీత మాత్రం వదిలిపెట్టింది. గుడ్డకు మూడు వంతుల ఎత్తున, అడ్డంగా, ఈ చివరి నుంచి ఆ చివరికి. దాని కింద అన్నీ మసక, పైన పేజీలు తెల్లగా ఉన్నాయి. అది గోడ మీద నీళ్ళు నిలిచిన గుర్తు అని ఎవరూ చెప్పనక్కరలేదు. ఆరు రోజులు పట్టింది. నాలుగో రోజున వాళ్ళమ్మ వచ్చి అరుగు మీద కూర్చుని, "ఆ గీత ఇంకాస్త పైకి ఉండేదే," అన్నది. పిల్ల తడిగుడ్డ తీసుకుని గీతను చెరిపి, రెండు అంగుళాలు పైకి జరిపింది.

ఆ అమ్మాయికి మనిషి బొమ్మ వేయడం ఈనాటికీ రాదు. చేతులు చీపుళ్ళలా వస్తాయి. వరద మీద పడవలూ, జనమూ గీయమని ఉంటే సగంలో కాగితం చింపేసి లేచిపోయేదని నాకు గట్టి నమ్మకం. గీత సాగని పిల్లలకు ఈ పని మంచిదని మొదట అన్నాను చూశారూ, ఇందుకే. ఇలాగని చక్కగా గీయడం నేర్చుకోనక్కరలేదనుకునేరు సుమా! రెండూ రెండు విద్యలు.

ఈ పనిలో ఒక కష్టమున్నది. పటంలో ఒక మూల మహా అందంగా కుదురుతుంది. మిగతా పటం దానితో కలవదు. పిల్లలు ఆ మూలను ముట్టుకోకుండా చుట్టూ సర్దుతూ కూర్చుంటారు, పటం మొత్తం పాడవుతుంది. అలాంటప్పుడు పటాన్ని తలకిందులు చేసి, పది అడుగుల దూరం నుంచి చూడండి. ఆ మూల అక్కరలేదనిపిస్తే ధైర్యంగా దాని మీద రంగు వేసేయండి. కప్పేసినది ఎక్కడికీ పోదు. చికాగో చిత్రశాలలో పికాసో వేసిన "ముసలి గిటారు వాద్యకారుడు" అనే పటం ఉన్నది. 1903, 1904 ప్రాంతంలో వేసినది. ముసలివాడి మెడ దగ్గర శ్రద్ధగా చూస్తే మరొక ముఖం ఛాయగా కనిపిస్తుంది. ఎక్స్‌రే కిరణాలతో చూస్తే, దాని కింద ఒక స్త్రీ బొమ్మ ఉన్నట్టు తెలిసింది. పికాసో అప్పుడు పేదవాడు, కొత్త గుడ్డ కొనలేక పాతదాని మీదే వేసేవాడు.

ఒక పొరకూ ఇంకొక పొరకూ మధ్య ఎంతసేపు ఆగాలి? వేసవిలో ఆక్రిలిక్ రంగు అరగంటలో ఆరుతుంది. వానాకాలంలో మన వైపు గాలి తడిబట్టలా ఉంటుంది గనక ఒక పూట పడుతుంది. ఇసుక కలిపిన చోట ఒక రోజంతా ఆగాలి. చేతి వెనకభాగం ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు. పంకా గాలి పెట్టవచ్చు గాని ఎండలో మాత్రం పెట్టకండి, పైపొర ముందు ఎండి నెర్రెలిస్తుంది. ఆ చెరువు సంగతి చెప్పాను గదా!

పటం పూర్తయిందని ఎలా తెలుస్తుంది? దీనికి కొలబద్ద లేదు. మూడు రోజులు గోడకు పెట్టి, తిండి తినేటప్పుడూ చదువుకునేటప్పుడూ చూస్తూ ఉండండి. ఏదో ఒక చోట కన్ను మాటిమాటికీ చిక్కుకుని చిరాకు పెడితే అక్కడ ఇంకా పని ఉన్నట్టు. పూర్తయ్యాక పటం వెనకవైపు పేరూ, తేదీ, ఏ పొర మీద ఏ పొర వేశారో ఆ వరసా పెన్సిలుతో రాసిపెట్టండి. ఎండ నేరుగా పడే గోడకూ, చెమ్మగోడకూ తగిలించవద్దు. గోడకూ పటానికీ మధ్య గాలి ఆడేట్టు వెనక రెండు మూలలా చిన్న బెండు ముక్కలు అతికించండి.

ఇక కుంచెలు. ఆక్రిలిక్ రంగు కుంచెలోనే ఆరితే ఆ కుంచె కర్రపుల్లే. పని మధ్యలో ఆపినా సరే, కుంచెను నీళ్ళలో వేసి ఉంచండి, కాని వెంట్రుకల మీద నిలబెట్టి వదిలేయకండి, వంగిపోతాయి. పని కాగానే సబ్బుతో కడిగి, వేళ్ళతో మొన తీర్చి, పడుకోబెట్టి ఆరబెట్టండి. ఇసుకా, బంకా కలిసిన నీళ్ళు వంటింటి తూములో పోస్తే తూము పూడిపోతుంది. బకెట్టులో ఒక రాత్రి ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్ళు పారబోసి, ఆ మడ్డిని కాగితంలో పొట్లం కట్టి చెత్తబుట్టలో వేయండి.